డార్క్‌రూమ్‌కు చవకైన బ్లాక్ అండ్ వైట్ పేపర్: పెట్టె ఎంచుకోవడం నుంచి ఆఖరి షీట్ దాకా

ఫిల్మ్ కడగడం నేర్చుకుని, ప్రింట్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయిన వాళ్లు నాకు చాలామంది తెలుసు. ఎందుకని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే మాట: పేపర్ ఖరీదు. నిజమే. ఆ కాగితం మీద ఉన్నది వెండి. జెలటిన్‌లో కలిపిన వెండి లవణాలే బొమ్మను మోస్తాయి కాబట్టి అది మామూలు కాగితం ధరకు ఎప్పటికీ రాదు. పైగా తయారు చేసేవాళ్లు కూడా తగ్గిపోయారు. కొడాక్ 2005లో బ్లాక్ అండ్ వైట్ పేపర్ తయారీ ఆపేసింది. అదే ఏడాది ఆగ్ఫా ఫోటో దివాలా తీసింది. హంగరీలోని ఫోర్టే 2007లో మూతపడింది. మిగిలిన కొద్దిమంది చేసే పేపర్లతోనే ఇప్పుడు మన పని.

అయినా తక్కువ ఖర్చులో మంచి ప్రింట్లు చేసుకోవచ్చు. దానికి ముందు లెక్క మార్చుకోవాలి. పెట్టె మీద ధర చూసి ఇది చవక, అది ఖరీదు అని తేల్చేయకండి. గోడకు పెట్టదగ్గ ప్రింట్ ఒకటి చేతికి రావడానికి ఎన్ని షీట్లు పోయాయో చూడండి. ఒక పేపర్ ధర ఇంకోదానికంటే మూడో వంతు తక్కువ అనుకుందాం. దాని మీద మంచి ప్రింట్ రావడానికి 4 షీట్లు పడుతున్నాయి, ఖరీదైన దాని మీద 2 షీట్లతో పని అయిపోతోంది. అప్పుడు చవక పేపరే మీ చేత మూడో వంతు ఎక్కువ ఖర్చు పెట్టించినట్టు. ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

మొదటి అడుగు: ఏం ప్రింట్ చేస్తారో ముందు తేల్చుకోండి

పేపర్ గురించి అడిగేవాళ్లలో చాలామంది ఈ అడుగు దాటేస్తారు. వచ్చే 3 నెలల్లో డార్క్‌రూమ్‌లో మీరు చేయబోయేది ఏమిటి? ఫిల్మ్ రోల్స్‌కి కాంటాక్ట్ షీట్లా, అంటే ఫ్రేమ్‌లన్నీ వాటి అసలు సైజులోనే ఒకే షీట్ మీద కనిపించే ప్రింట్లా? పని నేర్చుకోవడమా? స్నేహితులకు ఇచ్చే చిన్న ప్రింట్లా? లేక ఫ్రేమ్ కట్టించి ఏళ్ల తరబడి ఉంచుకునే 4, 5 బొమ్మలా? నేర్చుకునే దశలో ఉన్నవాళ్లు ఎగ్జిబిషన్ పేపర్ కొంటే ప్రతి షీట్ తీసేటప్పుడూ చెయ్యి వణుకుతుంది. పాడవుతుందేమో అన్న టెన్షన్‌లో టెస్ట్ స్ట్రిప్ (ఎంతసేపు వెలుతురు ఇవ్వాలో తేల్చుకోవడానికి చిన్న ముక్క మీద చేసే పరీక్ష) కూడా చేయకుండా సగం ఊహతో ప్రింట్ చేసి, ఉన్న షీట్ కాస్తా పోగొట్టుకుంటారు. ధైర్యంగా తప్పులు చేయగలిగిన పేపర్ కొనుక్కోవడం నేర్చుకునేవాళ్లకు అన్నిటికంటే పెద్ద పొదుపు.

రెండో అడుగు: ఆర్‌సీనా, ఫైబరా

బ్లాక్ అండ్ వైట్ పేపర్లలో రెండు జాతులు. ఆర్‌సీ అంటే రెజిన్ కోటెడ్. కాగితానికి రెండు వైపులా పాలిథిన్ పొర ఉంటుంది, రసాయనాలు, నీళ్లు కాగితంలోకి ఇంకవు. ఫైబర్ పేపర్‌లో ఆ ప్లాస్టిక్ పొర ఉండదు. కాగితం మీద బేరియం సల్ఫేట్ పూత, దాని మీద ఎమల్షన్, అంటే వెండి లవణాలు కలిపిన జెలటిన్ పొర. బేరియం సల్ఫేట్ పూతనే బరైటా అంటారు. తెల్లదనానికి, నునుపుకి అదే మూలం.

ధర ఒక్కటే చూస్తే ఆర్‌సీ తక్కువ, ఫైబర్ ఎక్కువ. అసలు తేడా పెట్టె తెరిచాక మొదలవుతుంది. బొమ్మను పైకి తెచ్చే మామూలు పేపర్ డెవలపర్‌లో, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఆర్‌సీ ప్రింట్ ఒక నిమిషంలో పూర్తిగా డెవలప్ అవుతుంది. డెవలపింగ్‌ని ఆపే స్టాప్ బాత్‌లో 10 సెకన్లు, బొమ్మను నిలబెట్టే తాజా ర్యాపిడ్ ఫిక్సర్‌లో 30 సెకన్లు, పారే నీళ్లలో 2 నిమిషాలు, అంతే. క్లిప్‌కి తగిలించి వదిలేస్తే కాసేపట్లో ఆరిపోతుంది, వంకర తిరగదు. ఫైబర్‌కి డెవలపర్‌లోనే 2 నుంచి 3 నిమిషాలు కావాలి. కాగితం పీల్చుకున్న ఫిక్సర్ అంతా బయటికి రావాలంటే మామూలు నీళ్లతో గంట దాకా కడగాలి. వాష్ ఎయిడ్ వాడితే ఆ సమయం బాగా తగ్గుతుంది కానీ అది ఇంకో రసాయనం, ఇంకో ట్రే, ఇంకో ఖర్చు. ఆరాక ఫైబర్ షీట్ అప్పడంలా వంకర తిరుగుతుంది, దాన్ని బరువు కింద పెట్టి చదును చేయాలి. నీళ్లు, సమయం, రసాయనాలు కలుపుకుంటే ఫైబర్ ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఫైబర్ ప్రింట్ తడిగా ఉన్నప్పటికంటే ఆరాక కొంచెం ముదురుతుంది. ట్రేలో మెరిసిపోయిన తెల్ల చొక్కా మరుసటి రోజు పొద్దున చూస్తే బూడిద రంగు పులుముకున్నట్టు ఉంటుంది. దీన్ని డ్రై డౌన్ అంటారు. ఎంత ముదురుతుందో పేపర్‌ను బట్టి మారుతుంది, అలవాటైతేగానీ అంచనా అందదు. అలవాటయ్యేదాకా పోయే షీట్లన్నీ ఖర్చులోకే వస్తాయి. ఆర్‌సీలో కూడా ఈ మార్పు కొద్దిగా ఉంటుంది గానీ అంతగా ఇబ్బంది పెట్టదు.

కాబట్టి నేను సూటిగా చెప్పేది: మొదటి 200 ప్రింట్లు ఆర్‌సీ మీద చేయండి. కాంటాక్ట్ షీట్లు ఎప్పటికీ ఆర్‌సీ మీదే చేయండి. ఫైబర్‌ని చిన్నచూపు చూస్తూ చెప్తున్న మాట కాదిది. చేతిలో పట్టుకుంటే దాని బరువు, నలుపులోని లోతు, ఎయిర్ డ్రై అయిన గ్లాసీ ఫైబర్ మీద వచ్చే ఆ మెత్తటి మెరుపు ఆర్‌సీకి రావు. బాగా కడిగిన ఫైబర్ ప్రింట్ ఎక్కువ కాలం నిలుస్తుంది కూడా. అందుకే దాన్ని మీకు నిజంగా నచ్చిన నెగెటివ్‌ల కోసం దాచుకోండి. ఆర్‌సీ మీద గ్రేడ్ (కాంట్రాస్ట్, అంటే తెలుపు నలుపుల తేడా ఎంతో చెప్పే మెట్టు), డాడ్జింగ్ (కొన్ని చోట్ల వెలుతురు తగ్గించడం), బర్నింగ్ (కొన్ని చోట్ల పెంచడం) అన్నీ తేల్చుకుని కాగితం మీద రాసుకున్నాక ఫైబర్ షీట్ తీస్తే ఒకటి రెండు షీట్లలో పని అయిపోతుంది.

మూడో అడుగు: గ్రేడెడా, మల్టీగ్రేడా

ఖర్చు తగ్గించే నిర్ణయాల్లో నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పెద్దది.

గ్రేడెడ్ పేపర్‌కి ఒకే కాంట్రాస్ట్ ఉంటుంది. గ్రేడ్ 2 మామూలు నెగెటివ్‌కి, గ్రేడ్ 3 కాస్త పలచటి నెగెటివ్‌కి, ఇలా. మీ నెగెటివ్‌లు రకరకాలుగా ఉంటే కనీసం 2, 3 గ్రేడ్ల పెట్టెలు ఇంట్లో ఉండాలి. వాటిలో ఒకటి వాడకం లేక పాతబడుతుంది. మల్టీగ్రేడ్‌లో ఒకే పెట్టెతో అన్ని గ్రేడ్లూ వస్తాయి. ఇల్‌ఫర్డ్ కంపెనీ మల్టీగ్రేడ్ అనే పేరుతో మొదటి పేపర్‌ను 1940లోనే తెచ్చింది. సూత్రం తేలికే. ఆ ఎమల్షన్ ఆకుపచ్చ కాంతికి మెత్తటి కాంట్రాస్ట్ ఇస్తుంది, నీలి కాంతికి గట్టి కాంట్రాస్ట్ ఇస్తుంది. పసుపు ఫిల్టర్ నీలిని అడ్డుకుంటుంది కాబట్టి ప్రింట్ మెత్తబడుతుంది. మెజెంటా ఫిల్టర్ ఆకుపచ్చని అడ్డుకుంటుంది కాబట్టి కాంట్రాస్ట్ పెరుగుతుంది. ఫిల్టర్ ఏమీ పెట్టకపోతే దాదాపు గ్రేడ్ 2 దగ్గర ఉంటుంది.

ఇల్‌ఫర్డ్ ఫిల్టర్ సెట్‌లో 00 నుంచి 5 దాకా, అర గ్రేడ్ తేడాతో మొత్తం 12 ఉంటాయి. 00 నుంచి 3½ దాకా ఎక్స్‌పోజర్ సమయం మార్చనక్కర్లేదు. 4 నుంచి 5 దాకా రెట్టింపు చేయాలి. ఈ చిన్న విషయం తెలియక గ్రేడ్ 4 పెట్టి, ప్రింట్ పాలిపోయి వస్తే పేపర్‌దే తప్పనుకుని ఇంకో రెండు షీట్లు పారేసేవాళ్లున్నారు.

ఫిల్టర్ సెట్ కొనడం అదనపు ఖర్చే. మీ ఎన్‌లార్జర్‌కి (నెగెటివ్‌ని పేపర్ మీద పెద్దదిగా పడేలా చేసే యంత్రం) కలర్ హెడ్, అంటే రంగు ఫిల్టర్లు లోపలే ఉన్న దీపం భాగం, ఉంటే అది కూడా అక్కర్లేదు, పసుపు, మెజెంటా డయల్స్ తిప్పితే చాలు. ఏ గ్రేడ్‌కి ఏ అంకె పెట్టాలో పేపర్‌తో వచ్చే కాగితంలో పట్టిక ఉంటుంది. సగం మంది ఆ కాగితాన్ని పెట్టెతో పాటు పారేస్తారు, దయచేసి దాచుకోండి.

గ్రేడెడ్ పేపర్ చవగ్గా దొరికితే కొనొద్దా? మీ నెగెటివ్‌లన్నీ ఒకే ఫిల్మ్, ఒకే డెవలపర్, ఒకే పద్ధతిలో వస్తూ, అన్నీ ఒకే గ్రేడ్ మీద బాగా కూర్చుంటుంటే తప్పకుండా కొనొచ్చు. మీ ఎన్‌లార్జర్ ఏ రకమో మాత్రం చూసుకోండి. కటకాలతో కాంతిని కూడగట్టే కండెన్సర్ ఎన్‌లార్జర్ కాంట్రాస్ట్ పెంచుతుంది. అక్కడ గ్రేడ్ 2 మీద బాగా వచ్చే నెగెటివ్‌కి కాంతిని చెదరగొట్టే డిఫ్యూజన్ ఎన్‌లార్జర్ కింద గ్రేడ్ 3 కావాల్సి రావచ్చు.

నాలుగో అడుగు: పైతలం, మందం

ఇక్కడ ఎక్కువ ఆలోచించకండి. గ్లాసీలో నలుపు అన్నిటికంటే లోతుగా కనిపిస్తుంది, స్కాన్ కూడా శుభ్రంగా వస్తుంది, కానీ వేలిముద్రలు, గీతలు ఇట్టే తెలిసిపోతాయి. పెర్ల్ ఆ చిన్న చిన్న మరకల్ని దాచుకుంటుంది, చేతులు మారే ప్రింట్లకి నేను అదే వాడతాను. మ్యాట్ మీద నలుపు కొంచెం చప్పగా ఉంటుంది, బొమ్మను బట్టి అది అందం కూడా కావచ్చు. ఆర్‌సీ పేపర్లు మామూలుగా మీడియం వెయిట్‌లో, అంటే చదరపు మీటరుకు 190 గ్రాముల దగ్గర వస్తాయి. నేర్చుకోవడానికి, ఆల్బమ్‌కి అది చాలు.

ఐదో అడుగు: సైజు, పెట్టె, చదరపు అంగుళాల లెక్క

పేపర్ ధరలు పోల్చేటప్పుడు షీట్ ధర చూడకండి, చదరపు అంగుళం ధర చూడండి. 5×7 అంటే 35 చదరపు అంగుళాలు. 8×10 అంటే 80. 11×14 అంటే 154. 16×20 అంటే 320. పెట్టె ధరని షీట్ల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ ఈ అంకెతో భాగించండి. అప్పుడు చవగ్గా కనిపించిన చిన్న పెట్టె నిజానికి ఖరీదైనదని తేలడం మామూలే. 25 షీట్ల పెట్టె కంటే 100 షీట్ల పెట్టెలో షీట్ ధర సాధారణంగా తక్కువ పడుతుంది.

పెద్ద షీట్ కొని కోసుకోవడం ఇంకో దారి. 16×20 షీట్‌ని రెండు కోతల్లో నాలుగు 8×10లు చేయొచ్చు. 20×24 నుంచి ఆరు 8×10లు వస్తాయి. అయితే ముందు చదరపు అంగుళం లెక్క వేసి, నిజంగా మిగులుతుందనుకుంటేనే ఆ పని పెట్టుకోండి. కోసేటప్పుడు సేఫ్‌లైట్ (పేపర్ పాడవకుండా డార్క్‌రూమ్‌లో వాడే మసక రంగు దీపం) కింద షీట్లు ఎక్కువసేపు ఉంటాయి, బ్లేడు మొండిదైతే ఎమల్షన్ అంచులు చిట్లుతాయి, కోత కొద్దిగా పక్కకి పోయినా నాలుగు షీట్లూ ఈజిల్‌లో (ఎన్‌లార్జర్ కింద పేపర్‌ని పట్టి ఉంచే చట్రం) సరిగ్గా కూర్చోవు. చేతి కింద మంచి రోటరీ ట్రిమ్మర్ లేకపోతే ఈ పొదుపు జోలికి పోకండి.

ఏ సైజు కొనాలన్నది మీ నెగెటివ్ ఆకారం చెప్తుంది. 35 ఎంఎం ఫ్రేమ్ 24×36 మిల్లీమీటర్లు, అంటే 2:3. దాన్ని 8×10 మీద పూర్తిగా వేస్తే బొమ్మ 6.67×10 అంగుళాలే వస్తుంది. షీట్‌లో ఆరో వంతు ఖాళీ. అదే 5×7 మీద దాదాపు షీట్ అంతా నిండుతుంది. అందుకే 35 ఎంఎం వాళ్లు పని నేర్చుకోవడానికి 5×7 చక్కగా సరిపోతుంది. చదరపు అంగుళాల్లో 8×10లో సగం కంటే తక్కువ, బొమ్మ మాత్రం కళ్లకి ఆనేంత ఉంటుంది. 6×7 సెంటీమీటర్ల నెగెటివ్‌లు తీసేవాళ్లకి 8×10 బాగా కుదురుతుంది.

కాంటాక్ట్ షీట్ దగ్గర ఒక చిక్కుంది. 36 ఫ్రేమ్‌ల రోల్‌ని 6 ఫ్రేమ్‌ల పట్టీలుగా కోస్తే 6 పట్టీలు వస్తాయి, పక్కపక్కన పేరిస్తే 210 మిల్లీమీటర్ల వెడల్పు. 8 అంగుళాలంటే 203 మిల్లీమీటర్లే. చివరి పట్టీ అంచు బయటికి పోతుంది. దీనికోసం చాలామంది 9½×12 పెట్టె విడిగా కొంటారు. కొనక్కర్లేదు. నెగెటివ్‌లని 5 ఫ్రేమ్‌ల పట్టీలుగా కోయండి. 7 పట్టీల వెడల్పు 245 మిల్లీమీటర్లు, పొడవు 190 మిల్లీమీటర్లు, రెండూ 8×10లో ఇమిడిపోతాయి. 35 ఫ్రేమ్‌లు ఒకే షీట్ మీద కనిపిస్తాయి. మిగిలిన ఒక్క ఫ్రేమ్‌కి ఏదో ఒక టెస్ట్ స్ట్రిప్ ముక్క చాలు.

ఆరో అడుగు: ఏ కంపెనీ

చవక పేపర్ అనగానే ఎక్కువమంది నోట వచ్చే పేర్లు రెండు, ఫోమా, కెంట్‌మియర్. ఫోమా చెక్ దేశంలోని హ్రదెత్స్ క్రాలొవె పట్టణంలో ఉంది, 1921 నుంచి ఉన్న కంపెనీ. వాళ్ల ఫోమాస్పీడ్ వేరియంట్ 311 ఆర్‌సీ గ్లాసీ మల్టీగ్రేడ్ పేపర్, 312 దాని మ్యాట్ రూపం. ఫైబర్‌లో ఫోమాబ్రోమ్ వేరియంట్ 111 ఉంది. కెంట్‌మియర్ ఒకప్పుడు విడి కంపెనీ, ఇప్పుడు ఇల్‌ఫర్డ్ పేపర్లు చేసే హార్మన్ టెక్నాలజీ చేతిలో ఉంది. వాళ్ల వీసీ సెలెక్ట్ ఆర్‌సీ నేర్చుకునేవాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసిన పేపర్. ఇల్‌ఫర్డ్ మల్టీగ్రేడ్ ఆర్‌సీ వీటికంటే సాధారణంగా ఖరీదు. కానీ ఒక పెట్టెకీ ఇంకో పెట్టెకీ తేడా రాకపోవడం, గ్రేడ్లు సమంగా పెరగడం దాని బలం. పైన చెప్పిన షీట్ల లెక్కలో ఆ బలానికి విలువ ఉంది.

కంపెనీ ఏదైనా, ఒకటి ఎంచుకున్నాక కనీసం 100 షీట్లు అయ్యేదాకా మార్చకండి. ప్రతి పేపర్ వేగం, అంటే కాంతికి స్పందించే చురుకు, వేరు, ఒకే ఫిల్టర్ వేర్వేరు పేపర్ల మీద ఇచ్చే కాంట్రాస్ట్ కూడా వేరు. ఒక నెల ఫోమా, ఇంకో నెల ఇంకోటి అని తిరిగితే ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి టెస్ట్ స్ట్రిప్‌లే. ఏది ఎక్కడ తగ్గింపులో ఉంటే అది కొనే అలవాటు పేపర్ విషయంలో చేతి చమురు వదిలిస్తుంది. మొదట 25 షీట్ల పెట్టె తెచ్చి చూసుకోండి. నచ్చితే 100 తెచ్చుకోండి.

ఏడో అడుగు: గడువు దాటిన పేపర్ కొనాలనిపిస్తే

మూసేసిన స్టూడియోల్లోంచి, అటకల మీదినుంచి పాత పేపర్ తక్కువ ధరకు వస్తూ ఉంటుంది. ఆశ పుడుతుంది. నాకూ పుట్టింది. ఒకసారి ఒకాయన దగ్గర పెట్టెలు పెట్టెలుగా తెచ్చుకున్నాను. మొదటి షీట్ ట్రేలో వేసి ఊపుతుంటే బొమ్మ కంటే ముందు అంచులు కమ్ముకొచ్చాయి. ఎర్ర వెలుతురులో అనుమానంగా కనిపించింది, తెల్ల లైటు వేసి చూస్తే మార్జిన్లు తడి సిమెంటు రంగులో ఉన్నాయి. బొమ్మలో ఎక్కడా తెలుపు లేదు. వరసగా మూడు పెట్టెలు తెరిచాను, మూడూ అంతే. కొనేముందు ఒక్క షీట్ ఇవ్వమని అడిగి పరీక్ష చేసుకుని ఉంటే 10 నిమిషాల్లో తేలిపోయేది.

ఆ పరీక్ష ఇదీ. సేఫ్‌లైట్ కూడా ఆర్పేసి, పూర్తి చీకట్లో ఒక షీట్‌లోంచి రెండు ముక్కలు కోయండి. ఒక ముక్కని నేరుగా ఫిక్సర్‌లో వేయండి. రెండోదాన్ని మామూలు సమయం డెవలపర్‌లో ఉంచి, స్టాప్ చేసి, ఫిక్సర్‌లో వేయండి. రెండూ కడిగి, ఆరబెట్టి, పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే తెలుపులో ఉంటే ఫాగ్, అంటే వెలుతురు తగలకుండానే వచ్చే బూడిద మసక, లేదు. డెవలప్ చేసిన ముక్క కాస్త బూడిదగా ఉంటే ఫాగ్ మొదలైంది. ఆ తేడా కనీకనిపించనంత ఉంటే డెవలపర్‌లో ఫాగ్‌ని అణిచే బెంజోట్రైజోల్ కలిపి వాడుకోవచ్చు. లీటర్ డెవలపర్‌కు 1 శాతం ద్రావణం 10 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి కొద్దికొద్దిగా పెంచండి. పేపర్ వేగం తగ్గుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ పెంచాల్సి వస్తుంది. తేడా దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపిస్తే ఆ పేపర్ మామూలు ప్రింట్లకి పనికిరాదు.

ఫాగ్ లేకపోయినా పరీక్ష అయిపోలేదు. పాత పేపర్ కాంట్రాస్ట్ కూడా కోల్పోతుంది. ఒక ముక్కకి గది లైటు చూపించి డెవలప్ చేసి, నలుపు నిజంగా నల్లగా వస్తోందా అని చూడండి. తర్వాత బాగా తెలిసిన నెగెటివ్ ఒకటి ప్రింట్ చేసి, ఎన్ని గ్రేడ్లు దిగజారిందో అంచనా వేయండి. సాధారణంగా గ్రేడెడ్ ఫైబర్ పేపర్ ఎక్కువకాలం తట్టుకుంటుంది, మల్టీగ్రేడ్ అంత తట్టుకోదు. కొన్ని పాత ఆర్‌సీ పేపర్లలో డెవలపర్‌ని ఎమల్షన్‌లోనే కలిపేవాళ్లు, అవి ఇంకా త్వరగా పాడవుతాయి.

పాడైన పేపర్‌ని పారేయకండి. దాని మీద ఆకులు, ఈకలు పేర్చి, పైన గాజు పెట్టి ఎండలో ఉంచితే డెవలపర్ లేకుండానే గులాబీ, ఊదా, గోధుమ రంగుల్లో బొమ్మ తేలుతుంది. దీన్ని లూమెన్ ప్రింట్ అంటారు. ఫిక్సర్‌లో వేస్తే రంగులు మారతాయి గానీ బొమ్మ నిలబడుతుంది. నా దగ్గర ఆ సిమెంటు రంగు పెట్టెలు ఇలాగే ఖర్చయ్యాయి, వాటిలో రెండు మూడు ఇప్పటికీ నాకు చాలా ఇష్టమైన బొమ్మలు.

ఎనిమిదో అడుగు: కొత్త పెట్టె తెరిచిన రోజు

బొమ్మ ప్రింట్ చేయాలని చెయ్యి లాగుతుంది. ఆ రోజు ఒక్క షీట్ పరీక్షలకి ఇచ్చేయండి, మిగిలిన షీట్లని అది కాపాడుతుంది.

ముందు సేఫ్‌లైట్. మల్టీగ్రేడ్ పేపర్లు ఆకుపచ్చ కాంతికి కూడా స్పందిస్తాయి కాబట్టి పాత గ్రేడెడ్ పేపర్లకి సరిపోయిన పసుపు లైటు వీటికి చాలకపోవచ్చు. ఏ రంగు లైటు వాడాలో పేపర్ కంపెనీ సూచన చూడండి, ఎరుపు చాలా పేపర్లకి క్షేమం. సేఫ్‌లైట్ నిజంగా క్షేమమో కాదో తేల్చే నాణేల పరీక్ష అందరికీ తెలిసిందే, కానీ ఎక్కువమంది తప్పుగా చేస్తారు. వట్టి తెల్ల పేపర్ మీద నాణెం పెట్టి చూస్తే సేఫ్‌లైట్ చేసే హాని కనపడదు. ముందు సేఫ్‌లైట్ ఆర్పి, ఎన్‌లార్జర్‌తో షీట్ అంతటికీ లేత బూడిద రంగు వచ్చేంత వెలుతురు ఇవ్వండి. తర్వాత సేఫ్‌లైట్ వేసి, మీరు మామూలుగా పనిచేసే చోట షీట్ పెట్టి, మీద ఒక నాణెం ఉంచండి. 2 నిమిషాలకు ఇంకో నాణెం, 4 నిమిషాలకు మరొకటి పెట్టి, మొత్తం 8 నిమిషాలయ్యాక సేఫ్‌లైట్ ఆర్పేసి చీకట్లోనే డెవలప్ చేయండి. నాణెం గుండ్రటి గుర్తు ఎక్కడైనా కనిపిస్తే లైటు దూరం జరపాలి, లేదా మార్చాలి. చాలా నెలలు నా ప్రింట్లలో తెలుపు మసకబారుతుంటే చవక పేపర్ ఇంతేనని సరిపెట్టుకున్నాను. ఈ పరీక్షలో మొదటి నాణెం కిందే తెల్లటి వలయం తేలింది. లైటు మార్చాక అదే పెట్టెలోని పేపర్ మెరిసింది.

తర్వాత నలుపు. నెగెటివ్ క్యారియర్‌లో ఖాళీ ఫిల్మ్ ముక్క, అంటే బొమ్మ పడని అంచు పెట్టండి. ఎన్‌లార్జర్ ఎత్తు, లెన్స్ అపర్చర్ రాసుకుని, 3 సెకన్ల చొప్పున పెంచుతూ ఒక స్ట్రిప్ చేయండి. ఆరాక చూస్తే ఒకచోట నుంచి పట్టీల మధ్య తేడా కనపడడం ఆగిపోతుంది. ఆ మొదటి పూర్తి నలుపుకి పట్టిన సమయమే మీ కాంటాక్ట్ షీట్లకి కొలత. అదే ఎత్తులో, అదే అపర్చర్‌తో, ఆ సమయంతో ప్రతి రోల్‌నీ ప్రింట్ చేస్తే ఏ ఫ్రేమ్ తక్కువ ఎక్స్‌పోజ్ అయిందో, ఏది ఎక్కువ అయిందో కాంటాక్ట్ షీటే చెప్తుంది. పనికిరాని నెగెటివ్‌ల మీద షీట్లు ఖర్చుపెట్టడం అక్కడితో ఆగుతుంది.

సేఫ్‌లైట్ కింద ఎమల్షన్ వైపు ఏదో తెలియకపోతే షీట్ మూల ఒకటి వంచి వెలుతురుకి పట్టండి, గ్లాసీ పేపర్‌లో ఎమల్షన్ వైపు ఎక్కువ మెరుస్తుంది. అనుమానం తీరకపోతే మార్జిన్ మూలని కొద్దిగా తడి వేలితో తాకండి, అంటుకున్నట్టు అనిపించేది ఎమల్షన్. తలకిందులుగా పెట్టి ఎక్స్‌పోజ్ చేసిన షీట్ మసక బొమ్మతో వస్తుంది, అది కూడా ఒక షీటే కదా.

తొమ్మిదో అడుగు: ట్రేల దగ్గర షీట్లు పోకుండా

ప్రతి సెషన్ ముందు ఒక 8×10 షీట్‌ని 2×5 అంగుళాల ముక్కలుగా కోసి, నల్ల కవర్‌లో వేసి పెట్టుకోండి. 8 టెస్ట్ స్ట్రిప్‌లు వస్తాయి. స్ట్రిప్‌ని బొమ్మలో ముఖ్యమైన చోట పెట్టండి. మనిషి ఉంటే ముఖం మీద, ఆకాశం ఉన్న బొమ్మలో ఆకాశం, నేల కలిసే చోట. సెకన్లు ఒకే తేడాతో పెంచడం కంటే 8, 11, 16, 22, 32 ఇలా అర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) చొప్పున పెంచితే పట్టీల మధ్య తేడా సమంగా కనపడుతుంది, రెండో స్ట్రిప్ అవసరం సగం సార్లు రాదు.

మొదట తెలుపు చూసి ఎక్స్‌పోజర్ తేల్చండి, తర్వాత నలుపు చూసి గ్రేడ్ మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది దేని వల్ల వచ్చిందో తెలియక తిరిగిన చోటే తిరుగుతారు.

ప్రింట్ త్వరగా నల్లబడుతోందని డెవలపర్‌లోంచి ముందే లాగేయకండి. 20 సెకన్లలో లాగిన ఆర్‌సీ ప్రింట్‌లో నలుపు మురికిగా, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. దాన్ని చూసి పేపర్ నాసిరకం అనుకుంటారు. నిమిషం పూర్తిగా ఉంచండి. మరీ నల్లగా వస్తే తర్వాతి షీట్‌కి ఎక్స్‌పోజర్ తగ్గించండి. డెవలపర్ చల్లబడినా, పాతబడినా ఇదే జరుగుతుంది. చవక పేపర్‌కి పెట్టిన పేరులో సగం చచ్చిపోయిన డెవలపర్‌దే అని నా నమ్మకం.

ప్రతి ప్రింట్ వెనక మార్జిన్ దగ్గర మెత్తటి పెన్సిల్‌తో ఎత్తు, అపర్చర్, సమయం, గ్రేడ్ రాయండి. ఆర్నెల్ల తర్వాత అదే బొమ్మ ఇంకొకరికి కావాలంటే ఒకే షీట్‌లో తీసి ఇవ్వగలుగుతారు.

పదో అడుగు: దాచుకోవడం

పేపర్‌కి శత్రువులు వేడి, తేమ, రసాయనాల ఆవిరి. పెట్టెని డార్క్‌రూమ్‌లో ట్రేల పక్కన కాకుండా చల్లటి, పొడి గదిలో పెట్టండి. లోపలి నల్ల కవర్ ప్రతిసారీ మడిచి మూయండి. ఎక్కువకాలం దాచాలంటే ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా, కొన్ని గంటలు, కవర్ తెరవకండి. లేకపోతే చల్లటి షీట్ల మీద తేమ పడుతుంది.

పెట్టె మూత మీద కొన్న తేదీ, తెరిచిన తేదీ, పూర్తి నలుపు సమయం రాయండి. లోపల 2 షీట్లు మిగిలి ఉండగానే కొత్త పెట్టె తెప్పించుకోండి. పాత షీట్ మీద, కొత్త షీట్ మీద ఒకే నెగెటివ్‌ని ఒకే సమయం, ఒకే గ్రేడ్‌తో ప్రింట్ చేసి ఆరబెట్టండి. కొత్తది పావు స్టాప్ వేగంగా ఉందా, గ్రేడ్ కాస్త మెత్తగా ఉందా అన్నది పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. ఆ తేడాని కొత్త మూత మీద రాసుకుని, పాత పెట్టెలో మిగిలిన ఆఖరి షీట్‌ని టెస్ట్ స్ట్రిప్‌లుగా కోసేయండి.